అరవై దాటిన రాక్ బ్యాండోళ్ల కొత్త ఆల్బంలు: యాడికెళ్లి మొదలుపెట్టాలె?

తమ్మీ, నువ్వడిగింది మళ్లొకసారి ఇక్కడ రాస్త, కొత్తగ చదివేటోళ్లకు కూడ తెల్వాలె కదా. నిర్వాణ అనే అమెరికా రాక్ బ్యాండ్‌తోని మొదలుపెట్టి పిక్సీస్, సోనిక్ యూత్, డైనోసార్ జూనియర్ దాకా వచ్చినవ్, విన్నయన్నీ 80లు 90ల ఆల్బంలే, ఇప్పుడు వాళ్లల్ల కొందరు 60 కాడికొచ్చినంక కూడ కొత్త ఆల్బంలు తీస్తున్నరని చూసినవ్. అవి వినేటట్టు ఉన్నయా లేకపోతే పాత పేరు మీద బండి నడిపిస్తున్నరా, ముందు పాతయన్నీ పూర్తి చేసినంకనే ఇవి ముట్టుకోవాల్నా, పైసలు పెట్టి కొనాలంటే వరంగల్ల కూసుని ఎట్ల కొనాలె. ఇంతే కదా.

కొత్తదాంతోనే మొదలుపెట్టు. నా మాట ఇదే, మిగతాదంతా ఎందుకో చెప్పుడే. పాతయి మొత్తం పూర్తి చేసినంక విందామనుకుంటే నువ్వు కొత్తదాన్ని వినవు, పాతదాంతోని తూకం వేస్తవ్. నేను గదే చేసి పదిహేనేండ్లు పోగొట్టుకున్న.

నాది హన్మకొండల సౌండ్ సిస్టం పని. పెండ్లిళ్లు, గణేశ్ మండపాలు, బతుకమ్మ, కాలేజీ ఫంక్షన్లు, 28 ఏండ్ల సంది ఇదే బతుకు. అంతకు ముందు డిగ్రీ చదువుకుంట చౌరస్తా దగ్గర ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపుల సాయంత్రాలు కూసునేటోన్ని. జనం చిట్టీ మీద పాటల పేర్లు రాసుకొని వచ్చేది, మేము టీడీకే డీ-90 అనే ఖాళీ క్యాసెట్లల్ల నింపి ఇచ్చేది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీని అప్పుడు ఆర్ఈసీ అనేటోళ్లం, 2002ల నిట్ అయింది కదా, ఆ హాస్టల్ పోరగాండ్లు దేశం మొత్తం నుంచి వచ్చేటోళ్లు, వాళ్ల బ్యాగులల్ల మా షాపు ఎన్నడు చూడని క్యాసెట్లు ఉండేటియి. ఒక గువాహటి పిల్లగాడు కాపీ చెయ్యుమని ఒకటి తెచ్చిండు, దాని మీద అచ్చు కవరు లేదు, బాల్‌పెన్నుతోని పిక్సీస్ అని రాసి ఉన్నది. అది 1988ల వచ్చిన 'సర్ఫర్ రోజా' అని నాకు తర్వాత తెలిసింది. టేపు రాసుకునే హెడ్డును స్పిరిట్ దూదితోని తుడిచి, ప్లే, రికార్డ్ రెండు బటన్లు ఒక్కపారి నొక్కిన. మొదటి డ్రమ్ము దెబ్బకే వెనక్కి తిరిగి చూసిన, షాపుల ఎవరో కొట్టినట్టే అనిపించింది. ఆ రోజు నాకోసం ఇంకో కాపీ తీసుకున్న, టేపు సాగిపోయి గొంతులు లావైపోయే దాకా విన్న.

తర్వాత ఏమైందంటే, 2007ల డైనోసార్ జూనియర్ అసలు ముగ్గురు మళ్ల కలిసి 'బియాండ్' తీసిన్రు. నేను రెండు పాటలు విని ఆపిన. 1987ల 'యూ ఆర్ లివింగ్ ఆల్ ఓవర్ మీ' విన్నప్పుడు అయిన గాయిగాయి ఇందుల కాలేదు కాబట్టి ఇది దండుగ అనుకున్న. అప్పుడు నా వయసు పెరిగింది, నా చెవులు మారినయి, వినే గది మారింది, ఇవేవి లెక్కల వేసుకోలేదు. అట్ల ఒక్కొక్కరి కొత్త ఆల్బం పక్కకు పెట్టుకుంట వచ్చిన. నా మనసు తిరిగింది ఒక్క పాటతోని, అందుకే నీకు కూడ గా ఆల్బమే ముందు చెప్తున్న.

కిమ్ డీల్. పిక్సీస్‌ల బేస్ వాయించింది, బ్రీడర్స్ అనే బ్యాండ్ నడిపింది, కానీ తన ఒక్కదాని పేరు మీద మొత్తం ఆల్బం తీసింది మాత్రం 2024 నవంబర్లనే, 63 ఏండ్ల వయసుల. పేరు 'నోబడీ లవ్స్ యూ మోర్'. అందుల 'ఆర్ యూ మైన్?' అని ఒక నెమ్మది పాట ఉన్నది, ఊరికె వింటే ప్రేమపాట అనుకుంటవ్. అసలు సంగతి ఏందంటే వాళ్లమ్మకు అల్జైమర్స్ వచ్చింది, కిమ్ డీల్ అమెరికాల డేటన్ అనే తమ ఊర్ల ఉండి అమ్మానాయినలను చూసుకున్నది, ఒకనాడు ఇంట్ల నడుస్తుంటె ఎదురుపడ్డ అమ్మ ఈమెను ఆపి నువ్వు నా బిడ్డవేనా అని అడిగిందట. గా ప్రశ్ననే పాట అయింది.

నేను మొదట విన్నప్పుడు ఇది నాకు తెల్వదు. గోదాంల ఒక పెండ్లి నుంచి వాపస్ వచ్చిన కేబుళ్లు చుట్టుకుంట విన్న, బాగుందనుకున్న, అంతే. తర్వాత చదివి తెలుసుకున్నంక మళ్ల పెట్టలేకపోయిన కొన్ని దినాలు. మా అమ్మకు 81. ఒకనాడు పొద్దున గడప కాడ కూసుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది, నేను పక్కకు పోయి కూసుని నాలుగు కాయలు తీసుకున్న. కొంచెం సేపు నా చేతుల దిక్కే చూసి 'మంచిగ తీస్తున్నవ్, ఎవలింటి పిల్లగానివి బిడ్డా' అన్నది. నా పేరు చెప్పిన. 'అవునా, మా పెద్దోని పేరు గూడ గదే' అన్నది, ఇంకో పిడికెడు కాయలు నా దిక్కు జరిపింది.

ఆ పాట 1993ల వచ్చే వీలే లేదు తమ్మీ. అప్పటి కిమ్ డీల్‌కు ఎంత తెలివున్నా, ఎంత గొప్పగ వాయించినా, అది ఆమెకు ఇంకా జరగలేదు. గొంతు మాత్రం అప్పటిలెక్కనే సన్నగ, ఊపిరి వినబడేటట్టు ఉన్నది, ఆ గొంతుల ఈ మాటలు వచ్చేసరికి కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితది. ఇగ దీన్ని 'సర్ఫర్ రోజా' పక్కన పెట్టి ఏది గొప్ప అని అడిగేదానికి అర్థమేమున్నది?

ఆ ఆల్బంల కొంత రికార్డింగ్ చేసింది స్టీవ్ ఆల్బినీ. 'సర్ఫర్ రోజా' రికార్డు చేసింది కూడ ఆయననే, నిర్వాణ 'ఇన్ యూటెరో' కూడ, పీజే హార్వీ 'రిడ్ ఆఫ్ మీ' కూడ, ఈ రెండూ 1993లనే వచ్చినయి. మా సౌండ్ పనోళ్లకు ఈయన గురించి ఎంత చెప్పినా తక్కువనే. ప్రొడ్యూసర్ అని పేరు వేసుకోడు, రికార్డు చేసినోన్ని అంతే అనేటోడు. నిర్వాణోళ్లకు ముందే ఉత్తరం రాసిండు, నాకు రాయల్టీ వద్దు, ప్లంబర్‌కు ఇచ్చినట్టు చేసిన పనికి పైసలియ్యిన్రి అని. ఆ ఆల్బం లక్షలకు లక్షలు అమ్ముడుపోయింది, ఈయన మాట మార్చలేదు. డ్రమ్ములు రికార్డు చేసేటప్పుడు దగ్గర మైకులతోని పాటు గదిల దూరంగ కూడ మైకులు పెట్టి గది మోతను కూడ పట్టేటోడు. దాని విలువ నాకు డప్పుల కాడ తెలిసింది. డప్పుకు మైక్ ఆనిచ్చి పెడితె టక్ టక్ అని తోలు సప్పుడు ఒక్కటే వస్తది, నాలుగైదు అడుగులు వెనక్కి జరిపితే కొట్టెటోని చెయ్యి, నేల, గోడ అన్నీ వినబడుతయి. నేను 1994ల షాపుల వెనక్కి తిరిగి చూసింది గా గదికి.

ఆల్బినీ 2024 మే 7న గుండెపోటుతోని పోయిండు, 61 ఏండ్లు. ఆయన సొంత బ్యాండ్ షెల్లాక్ ఆల్బం 'టు ఆల్ ట్రైన్స్' మే 17న వస్తదని ముందే చెప్పి ఉన్నరు, ఆ రోజే వచ్చింది. పదేండ్ల తర్వాత వచ్చిన ఆల్బం, మొత్తం కలిపితే అర్ధగంట కూడ లేదు, చౌరస్తాల బస్సెక్కితే హసన్‌పర్తి దాటేలోపు అయిపోతది. ముగ్గురే మనుషులు, గిటారు, బేస్, డ్రమ్ములు. మీదికెళ్లి ఏం పూయలేదు. డ్రమ్మర్ టాడ్ ట్రైనర్ ఒక దెబ్బ కొట్టి ఇంకో దెబ్బకు ముందు ఆపుతడు చూడు, ఆ ఆపుడుల మొత్తం బ్యాండ్ నిలబడి ఉంటది. ఆఖరి పాట పేరు 'ఐ డోంట్ ఫియర్ హెల్'. ఆయన పోయిన పది దినాలకు ఆ పాట వినుడు ఎట్లుంటదో నేను రాయలేను, నేను ఆ రాత్రి గోదాం షట్టర్ దించి లోపల్నే కూసున్న.

డేటన్ అన్న కదా, దాని గురించి ఒక మాట. ఒహాయో రాష్ట్రంల ఒక ఊరు, రైట్ సోదరులది గదే ఊరు. న్యూయార్క్ గాదు, లాస్ ఏంజెలెస్ గాదు. హైదరాబాద్ పోతేనే ఏదన్న అయితది అని మన పోరగాండ్లు అంటరు చూడు, అట్ల అనుకునే ఊరే. అదే ఊర్ల రాబర్ట్ పొలార్డ్ అని ఒకాయన 14 ఏండ్లు బడిల నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిండు, సాయంత్రాలు దోస్తులతోని కలిసి నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ మీద పాటలు రికార్డు చేసిండు. అదే గైడెడ్ బై వాయిసెస్. 1994ల 'బీ థౌజండ్' వచ్చేసరికి ఆయనకు 36. సదువు అయిపోయింది ఉద్యోగం వచ్చింది ఇగ ఏం సంగీతం అని మన దగ్గర బంద్ పెట్టే వయసు కంటే పదేండ్లెక్కువ. ఇప్పుడు 68, బ్యాండ్ ఆల్బంలే 40 దాటినయి, సొంత ఆల్బంలు వేరే. 2025 ఫిబ్రవరిల 'యూనివర్స్ రూమ్' వచ్చింది, అదే యేడు ఇంకోటి కూడ వచ్చింది. అన్నీ విను అని నేను అనను, అన్నీ ఒక్కతీరు ఉండవు కూడ, కొన్నిట్ల సగం పాటలు గుర్తు కూడ ఉండయి. 'యూనివర్స్ రూమ్' ఒకటి పెట్టు, చిన్న చిన్న పాటలు, ఒకటి నచ్చకపోతే ఇంకోటి వచ్చేస్తది. నచ్చితే 'బీ థౌజండ్' కాడికి వెనక్కి పో.

యో లా టెంగో గురించి జర తీరికగ చెప్పాలె. న్యూజెర్సీల హోబోకెన్ వాళ్లది, 1984ల పెట్టిన్రు, ఐరా కాప్లాన్, జార్జియా హబ్లీ ఇద్దరు మొగడు పెండ్లాలు, జేమ్స్ మెక్‌న్యూ 1992 నుంచి వాళ్లతోనే. 2023ల 'దిస్ స్టుపిడ్ వరల్డ్' తీసిన్రు, వాళ్లకు వాళ్లే రికార్డు చేసుకున్నరు, బయటి ప్రొడ్యూసర్ లేడు. మొదటి పాట 'సినాట్రా డ్రైవ్ బ్రేక్‌డౌన్' ఏడు నిమిషాల పైన ఉంటది. బేస్ ఒక్కటే ముక్క పట్టుకొని తిరుగుతనే ఉంటది, డ్రమ్ము దాన్ని ఇడవదు, దాని మీద గిటారు గీరుతది, అరుస్తది, మళ్ల తగ్గుతది. చాలామంది మన పోరగాండ్లకు ఇక్కడ్నే ఓపిక పోతది, ఏం జరుగుతలేదు అంటరు.

జరుగుతలేదా? మల్లన్న పట్నం కాడ ఒగ్గు కథ ఎన్నడన్న రాత్రంతా కూసుని విన్నవా? డోలు, తాళం ఒక్కటే నడక పట్టుకుంటయి, గంట గడిచినా గదే నడక, కథ చెప్పేటాయన దాని మీద ఎక్కుతడు దిగుతడు, ఏడిపిస్తడు, మనం ఆ నడక లోపటికి పోయినంక టైం తెల్వది. నేను ఒగ్గు కథలకు సౌండ్ పెట్టిన, వెనుక డోలు తగ్గించుమని ఎన్నడు ఎవ్వరు అడగలే. యో లా టెంగోను గట్ల వినాలె. ఇంకోటి, ఒగ్గు కథ చెప్పే చుక్క సత్తయ్య గారు 2017ల పోయిన్రు, 80 దాటిన వయసు, ముసలితనంల కూడ కథ చెప్పిన్రు. ఈయన యవ్వనంల చెప్పిన కథనే అసలుది, ఇప్పుడు చెప్పేది ఉత్తదే అని జనగామ దిక్కు ఎవ్వరన్న అన్నరా? గొంతు పండినకొద్దీ ఇంకా దగ్గరికి జరిగి కూసున్నరు. మన దగ్గర ఉన్న ఈ చెవినే రాక్‌కు కూడ పెట్టు అంటున్న.

సోనిక్ యూత్ విన్ననన్నవ్ కాబట్టి ఆ బ్యాండ్ల ఉన్న కిమ్ గోర్డన్ సొంత ఆల్బం 'ది కలెక్టివ్' తప్పకుండ విను, 2024 మార్చిల వచ్చింది, ఆమెకు అప్పుడు 70. ఇందుల గిటారు బ్యాండ్ సౌండే లేదు, ర్యాప్ పాటలల్ల వచ్చే ట్రాప్ బీట్లు, అడుగున గుమ్మనే సబ్‌బేస్, మీద విరిగిపోయినట్టు గిటారు. 'బై బై' అనే మొదటి పాటల ఆమె ఊరికి పోయేముందు సూట్‌కేసుల సర్దుకునే సామాన్ల చిట్టీ చదువుతది, అంతే పాట. చదువుకుంట పోతుంటె భయమైతది ఎందుకో. మంచి ఇయర్‌ఫోన్లు లేకపోతే కింది సౌండ్ మొత్తం పోతది, ఫోన్ స్పీకర్ మీద వినకు.

డైనోసార్ జూనియర్ కావాలంటే 2021ల 'స్వీప్ ఇట్ ఇంటు స్పేస్' ఉన్నది, కానీ నేనైతే ఆ బ్యాండ్ల పాడి గిటారు వాయించే జే మాస్కిస్ సొంత ఆల్బం 'వాట్ డూ వీ డూ నౌ' ముందు వినుమంట, 2024 ఫిబ్రవరి. ఇంతకుముందు సొంత ఆల్బంలల్ల ఎక్కువ అకూస్టిక్ గిటారుతోని నెమ్మదిగ ఉండేటోడు, ఇందుల డ్రమ్ములు కూడ తనే వాయించిండు. ఆయన మొదలైందే డ్రమ్మర్‌గ.

మిగతాయి గబగబ చెప్త. గరుకు కావాలంటే జీసస్ లిజర్డ్ 'ర్యాక్', 2024, 26 ఏండ్ల తర్వాత తీసిన్రు, అస్సలు మెత్తబడలేదు. పాట పాడుకోవాలనిపించేది కావాలంటే బాబ్ మౌల్డ్ 'హియర్ వీ గో క్రేజీ', 2025. మడ్‌హనీ 'ప్లాస్టిక్ ఎటర్నిటీ' 2023, నాకు సగమే నచ్చింది. స్టీరియోలాబ్ 15 ఏండ్ల తర్వాత, పల్ప్ 24 ఏండ్ల తర్వాత, రెండూ 2025లనే వచ్చినయి, అవి వేరే రుచి, తర్వాత చూడు.

మన దేశంల? ఇండియన్ ఓషన్‌ను ఎందుకు అడగలేదు నువ్వు? 1990ల ఢిల్లీల మొదలైంది, 2000ల 'కందీసా' వచ్చింది, 2009 డిసెంబర్ 25న వాళ్ల గాయకుడు అసీం చక్రవర్తి చనిపోయినంక అందరు అయిపోయింది అన్నరు. 2010ల వాళ్లే పాటలు నెలకొకటి ఇంటర్నెట్ల ఉచితంగ ఇచ్చిన్రు, కంపెనీలతోని పడలేక. 2013ల గిటారు వాయించే సుస్మిత్ సేన్ కూడ బయటికి పోయిండు. అయినా రాహుల్ రామ్, అమిత్ కిలం కొత్త పిల్లగాండ్లతోని నడిపించి 2023ల 'తూ హై' తీసిన్రు. ఆ ఇద్దరు పోయినంక కూడ ఆ గుంపు గొంతు అట్లనే ఉండుడు నాకు పెద్ద సంగతి అనిపిస్తది.

పాత పేరు మీద నడిపిస్తున్నరా అన్నవ్ కదా. అట్ల నడిపేటోళ్లు ఉన్నరు, కానీ వాళ్లు కొత్త ఆల్బంలు తియ్యరు తమ్మీ, పాత హిట్లు పట్టుకొని టూర్లు చేస్తరు, పైసలు గాడ్నే ఉన్నయి. కొత్త ఆల్బం తీసుడంటే ఈ వయసుల నష్టానికి సిద్ధపడుడే. వీళ్లకు అది ఎట్ల కుదురుతుందంటే ఖర్చు చిన్నది, చేతిల ఉన్నది. యో లా టెంగోకు సొంత ప్రాక్టీస్ గది, మాస్కిస్‌కు ఇంట్లనే స్టూడియో, పొలార్డ్‌కు సొంత లేబుల్, అంటే ఆల్బంలు తీసే కంపెనీ. సూపర్‌చంక్ బ్యాండ్ల మ్యాక్ మెకాన్, లారా బాలెన్స్ ఇద్దరు 1989ల నార్త్ కరోలినాల మర్జ్ రికార్డ్స్ అని పెట్టుకున్నరు, వాళ్ల చిన్న సింగిల్స్ అచ్చేసుకోనీకి. అదే లేబుల్ తీసిన ఆర్కేడ్ ఫైర్ ఆల్బంకు 2011ల గ్రామీ ఆల్బం ఆఫ్ ది ఇయర్ వచ్చింది. సూపర్‌చంక్ మాత్రం ఇంకా అదే లేబుల్ మీద తీస్తనే ఉన్నరు, 2025 ఆగస్టుల 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ యైక్స్'.

ఒకటి జాగ్రత్త. పాటల యాప్‌ల 'కొత్త రిలీజ్' అని చూపించేదాంట్ల సగం రీమాస్టర్లు, అంటే పాత రికార్డింగుకే సౌండ్ సరిజేసినయి, 30 ఏండ్ల యానివర్సరీ డీలక్సులు, పాత లైవ్‌లు ఉంటయి. యేడు చూసి మోసపోకు, పాటల పట్టిక తెరిచి పేరు వెనక రీమాస్టర్డ్, లైవ్, డెమో అని ఉన్నదా చూడు.

కొనుడు సంగతి. ముందు స్ట్రీమింగ్ మీద రెండుమూడుసార్లు విను, అందుల తప్పు లేదు. నచ్చిన ఒక్కటి బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ల కొను, ఈ ఇండిపెండెంట్ బ్యాండ్లు లేబుళ్లు చాలావరకు అక్కడున్నయి. డిజిటల్ మీద వాళ్లు 15 శాతం పట్టుకుంటరు, పేమెంట్ ఖర్చులు పోంగ మిగతాది ఆర్టిస్టు దిక్కో లేబుల్ దిక్కో పోతది. 2020 నుంచి కొన్ని నెలలల్ల మొదటి శుక్రవారం ఆ వాటా కూడ తీసుకోరు, ఆ రోజు చూసి కొంటే ఇంకా మంచిది. మన డెబిట్ కార్డు ఫెయిల్ అయితే గాబరా పడకు, బ్యాంకు యాప్‌ల కార్డు సెట్టింగులకు పోయి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ వాడకం ఆన్ చెయ్యాలె, కొన్నంక మళ్ల బంద్ పెట్టు. పది డాలర్ల లోపు ఉండేటియి చాలా ఉన్నయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫ్లాక్ ఫైల్ తీసుకో, సౌండ్ ఏం తగ్గదు, ఒక కాపీ పెన్‌డ్రైవ్ల దాచిపెట్టు. వినైల్, అంటే నల్ల రికార్డుల జోలికి ఇప్పుడే పోకు, షిప్పింగ్ కస్టమ్స్ కలిసి రికార్డు ధర కంటే ఎక్కువైతది, ఆ పైసలతోని నాలుగు ఆల్బంలు వస్తయి.

ఆఖరుది, సౌండ్ సగం దాటనియ్యకు. లారా బాలెన్స్ 2013ల టూర్లు బంద్ పెట్టింది, చెవులు మామూలు సప్పుడుకే నొప్పి లేసే స్థితికి వచ్చినయి. బ్యాండ్ ఇడవలేదు, స్టేజీ ఇడిసింది. నాకు ఎడమ చెవిల 2011 నుంచి సన్నగ ఈల మోగుతనే ఉంటది, ఒక ఊరేగింపుల రాత్రంతా బాక్సుల ముందట నిలబడ్డ, చెవులల్ల ఏం పెట్టుకోలే. ఇప్పుడు డ్రమ్ముల మీది పళ్లాల సప్పుడు నాకు కుడి చెవిల్నే సక్కగ వినబడుతది, కొత్త ఆల్బం ఏదొచ్చినా తల జర ఎడమకు తిప్పి, కుడి చెవి స్పీకర్ దిక్కు పెట్టి వింట.